బీరువాలో చెవి మిషను

నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఎనిమిదో తరగతి మాత్రం రెండుసార్లు చదివాను కాబట్టి, లెక్క ప్రకారం నాది తొమ్మిదేళ్ల చదువు. ఆ రెండో ఏడు మధ్యలో నేను బడిని వదిలేశానో, బడే నన్ను వదిలేసిందో మా ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు. ఇన్నేళ్లలో దాని గురించి ఎవరూ అడగలేదు. మైకు సెట్టు అద్దెకిచ్చేవాడి సర్టిఫికెట్లు ఎవరిక్కావాలి? అలాంటిది యాభై దాటాక, కంకిపాడులో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టిన ఆరోగ్యం క్లాసులో, ఊళ్లోవాళ్లందరి ముందు, ఒక డాక్టరమ్మ తెర మీద మెదడు బొమ్మ చూపిస్తూ, "చిన్నప్పుడు చదువు తక్కువైనవాళ్లకి పెద్ద వయసులో మతి తప్పే జబ్బు, అదే డిమెన్షియా, వచ్చే ముప్పు కొంచెం ఎక్కువండీ" అని చెప్పింది. ఆవిడ పట్టుకున్న మైకు నాది. స్పీకర్లు నావి. వాల్యూమ్ పెట్టింది నేను. నా పరువు నేనే తీసుకుని, నాలుగు వీధుల అవతలికి కూడా స్పష్టంగా వినిపించాను.

హాల్లో మూడొంతుల మంది వెనక్కి తిరిగి నన్ను చూశారు. మా అక్కగారి భర్త, అంటే మా బావ, బ్యాంకులో గుమాస్తా, ముందు వరసలోంచి లేచి నిలబడి మరీ చెయ్యి ఊపాడు. ఎవరికైనా నేను కనబడకపోతే బాగుండదని కాబోలు.

డాక్టరమ్మకి జాలేసినట్టుంది. "దాని గురించి ఇప్పుడు చేసేదేం లేదు లెండి. మిగతావి చాలావరకు మన చేతుల్లోవే. అవీ అరవై దాటాక కాదు, నలభైల్లో, యాభైల్లో ఉన్నప్పుడే చూసుకోవాలి" అని వరసగా చెప్పుకుంటూ పోయింది. బీపీ, షుగరు అదుపులో పెట్టుకోవడం, నడవడం, సిగరెట్టూ మందూ మానడం, బండి మీద వెళ్లేటప్పుడు తలకి దెబ్బ తగలకుండా చూసుకోవడం, నలుగురితో కలిసి మాట్లాడుతూ ఉండటం. ఇవన్నీ చేస్తే జబ్బు రానే రాదని కాదట, వచ్చే అవకాశం తగ్గుతుందట. ఇంత విప్పి చెప్పాక ఎవరికైనా ఇంకేం సందేహం ఉంటుంది? మా బావకి ఉంది.

"మేడమ్, ఇంతకీ దీనికి ఏం తినాలండీ?"

"ప్రత్యేకంగా తినేదేం లేదండి. ఉప్పు, నూనె తగ్గించి, కూరలూ పళ్లూ..."

"అది కాదండీ. ఆకేదైనా ఉంటుంది కదా. పొడి కొట్టుకుని పాలల్లో..."

"పొడి ఏం లేదండి. మీ బీపీ ఎప్పుడు చూపించుకున్నారు?"

మా బావ కూర్చున్నాడు. పొడి లేని జబ్బంటే అతనికి గౌరవం పోయింది.

ఆ తర్వాత ఆవిడ చెవుల గురించి మొదలుపెట్టింది. వినికిడి తగ్గినప్పుడు మనుషులు సిగ్గుపడి చెప్పరనీ, వినపడక మెల్లగా మాటల్లోంచి తప్పుకుంటారనీ, మెదడుకి పని తగ్గిపోతుందనీ, మతి తప్పే ముప్పు పెంచే వాటిల్లో దాన్ని పెద్దదిగా చెబుతారనీ అంటూ, మధ్యమధ్యలో నా వైపు అరచెయ్యి కిందికి ఊపుతోంది. వెనకాల నిలబడ్డవాళ్లని కూర్చోమంటోందని నేను వాళ్లని కూర్చోబెట్టాను. మళ్లీ ఊపింది. బొటనవేలెత్తి చూపించి, ఆవిడ గొంతు సన్నం కదా అని ఇంకాస్త పెంచాను. ఈసారి మైకు పక్కకి పెట్టేసి, "ఈ సౌండు పెట్టింది ఎవరండీ? ఆయన్ని ముందు చెవుల పరీక్షకి పంపించండి" అంది. నాకప్పుడు కనబడింది, ముందు రెండు వరసలవాళ్లూ చెవుల్లో వేళ్లు పెట్టుకుని ఉన్నారు. మంచి క్లాసు కాబట్టి లేచి పోలేదు.

హాలంతా విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను? నవ్వనిది ఒక్కరే. ఆడవాళ్ల వరసలో చివర కూర్చున్న మా ఆవిడ.

అసలు విషయం చెప్పాలి. మైకు సెట్టువాడికి చెవే మీటరు. పెట్టెలన్నీ దింపి, వైర్లు లాగి, హాలు వెనక గోడ దగ్గర నిలబడి వింటాం. బాగా వినిపిస్తే సరిపోయినట్టు. ముప్ఫై ఏళ్లుగా పెళ్లి ఊరేగింపుల్లో, వినాయకుడి పందిళ్లలో పెద్ద పెద్ద బాక్సుల పక్కన నిలబడ్డవాడి చెవి ఎలా ఉంటుందో ఎవరైనా ఊహించొచ్చు, నేను తప్ప. ఏడాదికేడాది వెనక గోడ దగ్గర నాకు సౌండు కాస్త తక్కువ అనిపించేది. కాస్త పెంచేవాణ్ణి. అలా పెంచుకుంటూ పోతే జనం ఏమన్నారనుకున్నారు? చెవుడు అనలేదు. "మైకు బాబాయ్ సెట్టు వేస్తే కాలవ అవతల ఊరు కూడా పెళ్లికి వచ్చినట్టే" అన్నారు. నా చెవులు తగ్గేకొద్దీ నా బేరాలు పెరిగాయి. పక్క ఊళ్ల సెట్లవాళ్లు వచ్చి నా యాంప్లిఫయర్ వెనక వంగి చూసేవారు, ఏ కంపెనీదో కనుక్కుందామని. కంపెనీ నా చెవుల్లో ఉంది.

ఆ రోజు ఇంటికెళ్లేదాకా మా ఆవిడ మాట్లాడలేదు. అది నాకు వింత అనిపించలేదు, బండి మీద వెనక కూర్చుని ఆవిడ ఏం మాట్లాడినా నాకు ఎలాగూ వినపడదు. ఇంటికొచ్చాక నా ఎదురుగా వచ్చి నిలబడి, మొహంలో మొహం పెట్టి చెప్పింది.

"మీరు మేస్త్రి గారిలా అయిపోతారేమోనని నాకు భయంగా ఉందండీ."

మేస్త్రి గారంటే నాకు ఈ పని నేర్పినాయన. బడి వదిలేసినవాణ్ణి వైరు ఎలా కలపాలో చూపించి, అన్నం పెట్టి, చివరికి కొట్టు కూడా నాకే అప్పజెప్పిన మనిషి. మహా వాగుడుకాయ. నా నోరు ఆయన పెట్టిన భిక్షే. ఆయనకి చెవులు పోయాక మాట తగ్గించేశాడు. పెద్దరికం వచ్చిందనుకున్నాం. తర్వాత జనం మధ్యలోకి రావడం మానేశాడు. భక్తి పెరిగిందనుకున్నాం. చివరి రోజుల్లో మా ఇంటికి తీసుకొస్తే, ఇరవై ఏళ్లు తన చేతికి కాఫీ అందించిన మా ఆవిణ్ణి చూసి, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగేవాడు. కొట్లోకి వచ్చి, తన చేత్తో తాను బిగించిన హారన్లని తడిమి చూసి, "సెట్టు బాగుంది. ఎవరిది బాబూ?" అనేవాడు. మీదే మేస్త్రి గారూ అంటే నవ్వేవాడు, తమాషా చేస్తున్నాననుకుని.

"ఆయన చుట్టలు కాల్చేవాడు. నేను కాల్చను. ఆయనకి షుగరుండేది. నాకు లేదు" అన్నాను.

"చెవులో?"

"చెవులు నాకు పనిచేస్తున్నాయి. ఇప్పుడు నువ్వన్నది వినపడలేదా?"

"మొహం మీదికొచ్చి అరిస్తే గోడకి కూడా వినపడుతుంది" అని లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ మంగళగిరి చీరలు తెచ్చి ఇంట్లోనే అమ్ముతుంది. రోజంతా ఆడవాళ్లు వస్తారు, మాట్లాడతారు, నవ్వుతారు. అదంతా నేను టీవీలో సౌండు తీసేసినట్టు చూస్తుంటాను. దాన్ని ప్రశాంతత అనుకునేవాణ్ణి.

ఇక ఆ క్లాసు తర్వాత నా బతుకు బస్టాండైపోయింది. ఎవరుబడితే వాళ్లు ఎక్కడం, ఓ సలహా దింపడం, వెళ్లిపోవడం. కాఫీ హోటలువాడు ఒకటి చెబుతాడు, మంగలి ఒకటి చెబుతాడు. చెవిలో వేడి నూనె పొయ్యమన్నారు. చెవి మీద చెయ్యి పెట్టుకుని ఓంకారం చెయ్యమన్నారు. చెవి డాక్టరు దగ్గరికి వెళ్లమన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. మా బావ అయితే ఆకు పొడి సీసా తెచ్చి చేతిలో పెట్టాడు.

"పొడి లేదని డాక్టరమ్మ చెప్పింది కదా బావా?"

"ఆవిడ ఇంగ్లీషు డాక్టరురా బామ్మర్దీ. ఆవిడకేం తెలుసు? మెదడుకి ఇది దివ్యంగా పనిచేస్తుంది. నేను రోజూ వేసుకుంటున్నాను. దాంతోపాటు ఫోన్లో అంకెల ఆట కూడా ఆడుతున్నాను, మెదడుకి ఎక్సర్‌సైజు."

"మరి బీపీ బిళ్ల?"

"అది తల బరువుగా ఉన్న రోజు వేసుకుంటాను. బీపీ లేని రోజు బిళ్లెందుకు, దండగ."

"తల బరువుగా లేకపోయినా బీపీ ఉంటుందని ఆవిడ చెప్పింది. రోజూ వేసుకోమంది. నేనే వినిపించాను ఊరంతటికీ!"

"సౌండు ఎక్కువైపోయి సరిగ్గా అర్థం కాలేదురా" అన్నాడు. అని, మోచేతికి హెల్మెట్టు తగిలించుకుని బండెక్కి విజయవాడ ఆఫీసుకి వెళ్లిపోయాడు. ఆ హెల్మెట్టు ఏనాడూ మోచెయ్యి దాటి పైకి వెళ్లలేదు. పోలీసులు కనబడితే అది నెత్తికెక్కుతుంది, వాళ్లు దాటాక మళ్లీ దిగుతుంది. మెదడు కోసం పొడి తాగే మనిషి, మెదడు ఉన్నచోట కాకుండా మోచేతికి టోపీ పెడతాడు. ఇలాంటివాళ్లు నాకు ఆరోగ్యం చెబుతుంటే విసుగు రాదా?

విసుగుతోనే కొన్నాళ్లు గడిచాయి. మా ఆవిడ చెప్పడం, నేను ఏదో ఒక జోకు వెయ్యడం. జోకుల్లో ఒక సుఖం ఉంది, మనం మాట్లాడుతున్నంతసేపూ ఎదుటివాళ్లు మాట్లాడరు. వినాల్సిన పని ఉండదు. ఈ సంగతి నేను కనిపెట్టింది కాదు. మా ఆవిడ ఒకసారి చీరల బేరం మధ్యలో ఎవరితోనో అంటుంటే, పెదాలు చూసి తెలుసుకున్నాను.

చివరికి నేను దొరికిపోయింది కూచిపూడిలో. అక్కడ ఒక నాట్యం టీచరమ్మ ఏటా తన శిష్యుల చేత ప్రోగ్రాం చేయిస్తుంది. మేస్త్రి గారి కాలం నుంచీ అక్కడ సెట్టు మాదే. డాన్సు ప్రోగ్రాంకి సౌండు పెట్టడమంటే పెళ్లికి పెట్టినట్టు కాదు. పాడేవాళ్లకి ఒక మైకు, మృదంగానికి ఒకటి, తాళాలు పట్టి జతులు చెప్పేవాళ్లకి ఒకటి, ఇవి కాక గజ్జెల చప్పుడు అందుకోవడానికి స్టేజీ అంచున నేల మీద ఒకటి. ఆ నేల మైకు మేస్త్రి గారి ప్రత్యేకత. గజ్జెల మోత చివరి వరసదాకా గలగలా వినపడాలనేవాడాయన.

ప్రోగ్రాం మొదలైంది. మా ఆవిడ కూడా చూడ్డానికి వచ్చి, ముందు వైపు కుర్చీలో కూర్చుంది. పిల్లలు వచ్చారు, కాళ్లు కొడుతున్నారు. మృదంగం వినపడుతోంది. పాట వినపడుతోంది. గజ్జెలు వినపడటం లేదు. నేల మైకు వైరు చూశాను, బాగానే ఉంది. సన్నటి సౌండ్ల కోసం ట్రెబుల్ పెంచాను. లేదు. ఇంకా పెంచాను. అన్ని కాళ్లు, అన్ని గజ్జెలు, నాకు మాత్రం దూది మీద నడుస్తున్నట్టుంది. మైకు చచ్చిపోయిందని నిర్ధారించుకుని ఇంకొంచెం తిప్పాను.

జనం ఒక్కసారిగా ముడుచుకుపోయారు. చిన్నపిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. స్టేజీ మీద పిల్లలు ఆగిపోయి చెవులు మూసుకున్నారు. టీచరమ్మ తాళాలు కింద పడేసి నా వైపు రెండు చేతులూ ఊపుతోంది. మైకు కూత పెడుతోందన్నమాట. స్పీకర్లో సౌండు మళ్లీ మైకులోకి దూరి సన్నగా, సూదిలా వచ్చే కూత. మైకు సెట్టువాడు ఎవడైనా నిద్రలో ఉన్నా లేచి ఆపేది దాన్నే, మాకు మొదటి రోజు నేర్పేది అదే. నేను యాంప్లిఫయర్ పక్కన నిలబడి, ఏమైందర్రా వీళ్లకి అని చూస్తున్నాను. మా ఆవిడ కుర్చీలోంచి లేచి పరుగెత్తుకొచ్చి, ఏ బటనో తెలియక మెయిన్ స్విచ్చే ఆపేసింది.

టీచరమ్మ మంచి మనిషి. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అన్నగారూ, కూత మీకు వినపడలేదా?" అని మెల్లగా అడిగింది. మెల్లగా అడిగిందని ఎలా తెలిసిందంటే, అదీ వినపడలేదు, మా ఆవిడ చెప్పింది.

"గజ్జెలు ఎందుకు రావట్లేదా అని..." అన్నాను.

"మొదట్నుంచీ వస్తూనే ఉన్నాయండీ. ఘల్లుఘల్లుమని" అంది మా ఆవిడ.

గజ్జెల చప్పుడు నాకు ఏ ఏడు ఆగిపోయిందో కూడా నాకు తెలియదు. పోయేటప్పుడు అదేం చెప్పి పోలేదు.

విజయవాడలో ఏలూరు రోడ్డు పక్క సందులో ఒక చెవి డాక్టరు దగ్గరికి మా ఆవిడే తీసుకెళ్లింది. చెవులు పరీక్ష చేసే అమ్మాయి నన్నొక అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి పెట్టినవి సర్ది, చేతికొక బటనిచ్చి, సౌండు వినపడినప్పుడల్లా నొక్కమంది. నేను నొక్కుతూనే ఉన్నాను. బయటికొచ్చి చూస్తే అమ్మాయి తెల్లబోయి ఉంది.

"మీ చెవులు భలే ఉన్నాయండీ, ఈ వయసులో ఇలా ఎవరికీ ఉండవు" అంది.

నేను మా ఆవిడ వైపు గర్వంగా చూశాను. మా ఆవిడ ఆ అమ్మాయితో, "ఆయన కుర్చీ అటు తిప్పమ్మా. అద్దంలోంచి నీ చెయ్యి చూసి నొక్కుతున్నారు" అంది.

ముప్ఫై ఏళ్ల కాపురంలో మనిషి ఎక్కడెక్కడ మోసం చేస్తాడో ఆడవాళ్లకి తెలిసిపోతుంది. కుర్చీ గోడకేసి తిప్పారు. బటను ఊరికే నా చేతిలో చెమటకి తడిసింది. ఎనిమిదో తరగతి పరీక్షలో కూడా నన్ను ఇలాగే చివరికి విడిగా కూర్చోబెట్టారు.

సన్నటి సౌండ్లు బాగా పోయాయన్నారు, అవి తిరిగి రావన్నారు. రెండు చెవులకీ మిషన్లు పెడితే మాటలు బాగానే అందుతాయన్నారు, ఇకమీదట బాక్సుల దగ్గర చెవులకి అడ్డాలు పెట్టుకోమన్నారు. మిషన్లు చెవి వెనక పెట్టుకునేవి, జీడిపప్పంత ఉన్నాయి. పెట్టుకుని రోడ్డు మీదికొచ్చాను. బాబోయ్ విజయవాడ! ఆటోలు, బస్సులు, కొబ్బరిబోండాలు కొట్టే కత్తి, నా సొంత చొక్కా రెపరెప. ఇంత గోలలో మీరంతా ఎలా బతుకుతున్నారని మా ఆవిణ్ణి అడిగాను. "అలవాటైపోతుంది" అంది. నా గురించో, రోడ్డు గురించో తెలియలేదు.

ఇంటికి రాగానే మిషన్లు తీసి డబ్బాలో పెట్టి, డబ్బాని బీరువాలో పెట్టి తాళం వేశాను. మా ఇళ్లల్లో విలువైన వస్తువు ఉండేది అక్కడే. మా అమ్మ పట్టుచీర అక్కడే ఉండేది, మా ఆవిడ నెక్లెసు అక్కడే ఉంటుంది. మంచి గ్లాసులు కూడా చుట్టాలొస్తేనే బయటికొస్తాయి. పెళ్లికో పేరంటానికో తీస్తాం, వాడతాం, తుడిచి మళ్లీ లోపల పెడతాం. అదే పద్ధతిలో నేను ప్రోగ్రాం ఉన్న రోజు మిషన్లు తీసేవాణ్ణి, అయిపోగానే పెట్టేసేవాణ్ణి. ఇంట్లో అరిగిపోవడం ఎందుకని.

అయినా సుఖం లేదు. మిషన్లు పెట్టుకుని వెనక గోడ దగ్గర నిలబడి సౌండు సరిగ్గా పెట్టిన మొదటి పెళ్లిలోనే పెళ్లికొడుకు మావయ్య వచ్చి, "ఏంటి బాబాయ్, సెట్టు పాతబడిపోయిందా? మూలుగుతోంది" అన్నాడు.

"సెట్టు బాగానే ఉంది. నా చెవులు బాగుపడ్డాయి."

"మీ చెవులు బాగుపడితే మా పెళ్లికి సౌండు తగ్గుద్దా? ఇదెక్కడి న్యాయం!"

చెవులకి మంచిది కాదయ్యా, పెద్దయ్యాక మతి పోతుందయ్యా అని చెప్పబోయాను. సౌండు లేని పెళ్లి అప్పుడే మతిపోయినట్టు ఉందన్నాడు. పోయిన ఏడాది నా దగ్గరికొచ్చి యాంప్లిఫయర్ వెనక వంగి చూసిన పక్క ఊరి సెట్టువాడికి తర్వాతి పెళ్లి బేరం వెళ్లిపోయింది. వాడి చెవులూ నాలాగే బాగుపడేదాకా వాడికి ఢోకా లేదు. ఈ జనానికి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?

కొన్నాళ్లకి డాక్టరమ్మ మళ్లీ క్లాసు పెట్టింది, అదే హాల్లో. మైకు మళ్లీ నాదే. ఆవిడ స్టేజీ ఎక్కుతూ నా చెవి వైపు చూసింది.

"పరీక్ష చేయించుకున్నారట. మిషన్లు ఏవండీ?"

"భద్రంగా ఉన్నాయి మేడమ్. బీరువాలో."

"బీరువాలోనా? మరి ఎప్పుడు పెట్టుకుంటారు?"

"పెళ్లిళ్లకి పెట్టుకుంటానండి. ఈ రోజు తొందరలో మర్చిపోయాను."

ఆవిడ చేత్తో నుదురు కొట్టుకుంది. అంత చదువుకున్న మనిషి అలా కొట్టుకుంటుందని నేననుకోలేదు. "అది నగ కాదండీ బాబూ! పొద్దున్న లేచి కళ్లజోడు పెట్టుకున్నట్టు పెట్టుకోవాలి, పడుకునేటప్పుడు తియ్యాలి. మెదడుకి అలవాటు కావొద్దా? మీరు రోజులో ఎక్కువసేపు ఎవరితో ఉంటారు?"

"ఇంట్లో మా ఆవిడతోనండి. ఆవిడే కదా అని..."

మైకు ఆన్‌లో ఉంది. దాన్ని ఆన్ చేసింది కూడా నేనే. ఆడవాళ్ల వరసల్లోంచి ఒక నిట్టూర్పు వచ్చిందట, నాకు వినపడలేదు, తర్వాత బావ చెప్పాడు. బావ ఆ రోజు హెల్మెట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మోచెయ్యి నుంచి ఒళ్లోకి వచ్చింది, ఎప్పటికైనా నెత్తి చేరుతుందని ఆశ.

డాక్టరమ్మ మా ఆవిడ వైపు తిరిగి, "మీరేమంటారండీ?" అంది.

"ఏమంటానండీ? మేస్త్రి గారు నన్ను ఏ ఊరని అడిగేవారు. ఈయన ఇంకా అడగట్లేదు, అంతే" అంది మా ఆవిడ. దగ్గరే ఉంది, మొహం నాకు కనబడుతూనే ఉంది. ప్రతి ముక్కా అందింది.

ఆ సాయంత్రం బీరువా తాళం తీసి డబ్బా బయటికి తెచ్చాను. తెచ్చి, ఇకనుంచి దాని చోటు నా కళ్లజోడు పక్కన అని అల్మరాలో పెట్టి చూపించాను. మర్నాడు పొద్దున్న లేవగానే పెట్టుకున్నాను. ఫ్యాను కీచుమంటోందని తెలిసింది. వంటింట్లో పంపు కారుతోందని తెలిసింది. మా ఆవిడ పనిచేసుకుంటూ తనలో తాను ఏదో పాడుకుంటుందని తెలిసింది. ఆ పాట ఎన్నేళ్లుగా ఉందో మరి. ఆవిడ పట్టీలు కూడా అందాయి, పూర్తిగా కాదు, సన్నగా, దూరంగా, ఎవరివో గజ్జెల్లాగా.

కాఫీ తెచ్చిచ్చింది. నేను కుర్చీ జరిపి, పెద్దమనిషిలా సర్దుకుని కూర్చున్నాను.

"రా, కూర్చో. ఇన్నేళ్లుగా నాతో ఏమేం చెప్పాలనుకున్నావో అన్నీ చెప్పు. ఈ రోజు జోకులు వెయ్యను. వింటాను" అన్నాను.

ఆవిడ కూర్చుని, నేను కాఫీ తాగేదాకా వేళ్ల మీద ఏవో లెక్కపెట్టుకుంది. తర్వాత ఖాళీ గ్లాసు తీసుకుని లేస్తూ అంది:

"చెప్పి చెప్పి విసిగిపోయి, అవన్నీ నేనే మర్చిపోయానండీ. ఇక ఆ డాక్టరమ్మ దగ్గరికి నన్ను తీసుకెళ్లండి."